పేరు పోగొట్టుకున్న వసూలు

మిట్టమధ్యాహ్నం వేళ ఆకలిలోయ అంచున నిలబడ్డ ఆ మనిషికి పేరు లేదు. తల్లిదండ్రులు పెట్టలేదని కాదు. బారసాల నాడు పదిమందిని పిలిచి మరీ రేచన్న అని పెట్టారు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పేరుకు పలికాడు. తర్వాత మూడేళ్లుగా అది ఎవరి నోటా రాలేదు. దానికి కారణం అతడి కుడిచేతి ఇనుప కంకణం. దాని సంగతి చెప్పుకుంటే గానీ మన కథ లోయ దాటదు.

సాగరికా రాజ్యానికి రాజధాని ముత్యాలరేవు. వేటకు వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన ప్రతి పడవవాడూ రేవులోని రాతికొట్టులో ఒక నాణెం వేసేవాడు. తిరిగిరానివాళ్ల పెళ్లాంబిడ్డలకు అదే కూడు. దాన్ని అలల సొమ్ము అనేవారు. తుమ్మెద సంగడనే దొంగ, ఇద్దరు తోడుదొంగలను వెంటేసుకుని, పట్టపగలు ఆ కొట్టు పగలగొట్టి ఏడువేల వరహాలు ఎత్తుకుపోయాడు. ఆ పూట కాపలా రేచన్నది. రేవులో పడవ మునుగుతోందని కేకలు వినబడి, ఈటె గోడకానించి నీళ్లలోకి దూకాడు. ఒక ముసలివాణ్ణి ఒడ్డుకు చేర్చాడు కూడా. తిరిగొచ్చేసరికి కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

దొంగలు మూడోనాడే పట్టుబడ్డారు. నేరం ఒప్పుకున్నారు. మూడేళ్ల శిక్ష పడింది. సొమ్ము మాత్రం దొరకలేదు. భటులు వాళ్ల గుడిసెలు తవ్వారు, బావులు తోడారు, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టారు. మూడు చిరుగుల పంచెలు, ఒక పగిలిన చట్టి దొరికాయి. వాటిని వేలం వేస్తే కొన్నవాడు లేడు. అప్పుడు ప్రతాపమకర మహారాజు ఖజానా అడుగునుంచి వసూలు కంకణం తెప్పించాడు.

అది తాతముత్తాతల నాటి మంత్రించిన ఇనుము. సొమ్మున్నవాడి చేతికి తొడిగితే కక్కేదాకా బిగుస్తుంది. లేనివాడి చేతికి వదులుగా వేలాడుతుంది. దొంగలు ముగ్గురి చేతులకూ తొడిగి చూశారు. ముగ్గురి చేతులకూ అది గాజులా గలగలలాడింది. సభ నోరు వెళ్లబెట్టింది. ధర్మాధికారి తాటాకులు తిరగేసి, దొంగల దగ్గర లేనప్పుడు బాధ్యత కాపలావాడిదని చదివాడు. అలా అది రేచన్న చేతికొచ్చింది. అక్కడా వదులుగానే వేలాడింది.

దాని కట్టుబాట్లు మూడు. సొమ్ము తేనిదే అది తొడుక్కున్నవాడు సొంత గడప తొక్కకూడదు. వాణ్ణి పేరుతో గానీ వరసతో గానీ మూడుమార్లు పిలిస్తే, కంకణం బాకీతో సహా పిలిచినవాడి చేతికి పోతుంది. అలా చేయి మారినప్పుడు ముత్యాలరేవు కంచుగంట దానంతటదే మోగుతుంది. మూడుమార్లు కదా, ఒకసారి పిలిస్తే ఏమని మీరడగొచ్చు. ఊళ్లోవాళ్లు అంత దూరం వెళ్లలేదు. బావా అనేవాడు పక్కసందులోకి తిరిగాడు, అన్నా అనేవాడు తల దించుకున్నాడు. తప్పనిసరైతే దూరాన్నుంచి "వసూలూ!" అని కేకేసేవారు.

భార్య కామసాని అతణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమయ్యో" అనేది, అంతే. ధర్మాధికారి దాన్ని కూడా వరసల్లో కలిపేశాడు. ధర్మాధికారులకు ఇలాంటి చోట్ల శ్రద్ధ ఎక్కువ. రేచన్న ఊరు విడిచిన నాడు ఆమె కిటికీ దగ్గర నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తన కాలి వెండి అందె ఒకటి ఊడదీసి కిందికి జారవిడిచింది. అతడు దాన్ని మొలలో దోపుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి నెలా అతడు రాతిగనికి వెళ్లేవాడు. ఖైదీలు రాళ్లు కొట్టిన కూలి బాకీకి జమ. ముగ్గురికీ కలిపి నెలకొక రూక. ఆ లెక్కన బాకీ తీరేసరికి ముత్యాలరేవులో సముద్రం ఇంకిపోవాలి.

"కొట్టులో అడుగుపెట్టడం గుర్తుంది వసూలూ," అని ఏడ్చేవాడు సంగడు. "ఆ తర్వాత సంకెళ్లు గుర్తు. మజ్జెలో ఏమైందో మా అమ్మ మీద ఒట్టు, నాకు తెల్దు."

ఒట్టు నిజమే. వాడి ఎడమచెవి తమ్మె మీద ఆవగింజంత నీలిచుక్క ఉంది. తక్కినిద్దరికీ ఉంది. నిరుడు శిక్ష ముగించుకుని గోచీతో వెళ్లిన ఇంకో దొంగ కప్పల బొల్లడు మూడు నెలల్లో మేడ కట్టాడు. వాడికీ అదే చుక్క! రేచన్న వాడి పల్లకీకి బోయీగా చేరాడు. కల్లు తలకెక్కిన బొల్లడు పల్లకీలో గొణుక్కున్న ముక్కలన్నీ భుజం మీద బరువుతో పాటు మోశాడు. ఆకలిలోయ అవతల పిడతల సిద్ధుడనే మాంత్రికుడున్నాడు. దొంగసొమ్మును గుహలో, దాన్ని దాచిన జ్ఞాపకాన్ని పిడతలో దాస్తాడు. తెలియనివాడి చేతికి కంకణం బిగుసుకోదు కదా! శిక్ష తీరాక సిద్ధుడి చిలుక వచ్చి దొంగను పిలుచుకుపోతుంది. సగం సొమ్ము వాడిది, సగం సిద్ధుడిది.

సంగడి శిక్ష ముగియడానికి ఇంక మూడు రోజులున్నాయి. ఆ లోపల సొమ్ము రాకపోతే దొంగలు విడుదలవుతారు, కంకణం మాత్రం రేచన్న చేతికి కట్టెల్లో కాలేదాకా ఉండిపోతుంది. పేరూ అంతే. అందుకే ఇప్పుడతడు దొంగవేషంలో, కంకణం కనిపించకుండా మణికట్టు నిండా పసుపుకట్టు కట్టుకుని, లోయ మీది తీగల వంతెన పైన కాలు మోపాడు.

నాలుగడుగులు వేశాడో లేదో వంతెన ఊగింది. అడుగున బండలనుకున్నవి లేచి నిలబడ్డాయి. తాటిమాను మందాన రెండు చేతులు, గంగాళమంత తల, ముగ్గుబుట్ట జుట్టు. లోయను కాచే రక్కసి కరాళి అది. గుప్పిట్లో అతణ్ణి ఎత్తి ముక్కుదాకా తెచ్చుకుని గుండెలనిండా వాసన చూసింది. రేచన్న మొలలోని కత్తి దూశాడు.

"కత్తి లోపల పెట్టు," అంది కరాళి విసుగ్గా. "నువ్వు తినడానికి పనికిరావు."

"ఎందుకని?"

"నేను తినేది ఉత్త మాంసమనుకున్నావేంట్రా? మనిషికి రుచి పిలుపు వల్ల వస్తది. ఇంటికాడ ఎవరో ఒకరు ఎదురుచూస్తా, రోజుకి నాలుగు మాట్లు నోరారా పిలుస్తా ఉంటే, ఆ మనిషి కమ్మగా ఉంటాడు. నిన్ను పిలిచినోళ్లే లేరు. ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు, అవ్వా."

రక్కసి అతణ్ణి నెమ్మదిగా ఒడ్డున దింపింది. తర్వాత నిప్పుల్లోంచి కాలిన గెణుసుగడ్డ ఒకటి తీసి, గోళ్లతో పొట్టు ఒలిచి అతడి ముందు పెట్టింది. మూడేళ్లలో ఒకరి ఎదురుగా కూర్చుని తినడం అతడికదే మొదలు. నమిలిన ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది.

"తిను నాయనా," అంది కరాళి. "ఇంకోటి ఉంది, తిను నాయ..."

రేచన్న ఉలిక్కిపడి లేచి, రెండు చేతులతోనూ ఆమె పెదవులు మూశాడు. "వద్దవ్వా! ఆ మాట మూడుమార్లు అన్నావంటే నా బాకీ నీ మెడకు చుట్టుకుంటుంది."

ఆ మాట వినాలని అతడికెంత ఆశగా ఉందో చెప్పలేను. విదేశపు వర్తకులు ఎందరో దారిలో పేరడిగారు. చెప్పి ఊరుకుంటే చాలు, ఎవడో అమాయకుడి చేతికి కంకణం పోయేది. ప్రతిసారీ "వసూలు" అనే చెప్పాడు. కరాళి అతడి వంక వింతగా చూసి వంతెనకు అడ్డు తొలగింది. "పో, మనిషీ. వచ్చేటప్పుడు ఇటే రావాలి నువ్వు," అంది.

అవతలి కొండ నడుమున పిడతల సిద్ధుడి గుహ. లోపల ఏమి వైభవం! గోడలు స్ఫటికం, స్తంభాలు పగడం, పైకప్పు నిండా వేలాడే నీలాలు. పై చిల్లుల్లోంచి దిగిన మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడి నేలంతా రంగులు పారుతోంది. ఆ రంగుల మధ్య, అరల మీద అరలుగా, గుహ చివర కంటికి ఆననంత దూరం వరకూ పిడతలే పిడతలు. అన్నీ ఒకే మట్టి, ఒకే కొలత, ఒకే మూత. చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్కోదాంట్లో ఎవరో గొణుగుతున్నట్టుంటుంది. మధ్యలో పులితోలు మీద సిద్ధుడు కూర్చున్నాడు. నున్నటి గుండు, వేలెడు పొట్టి రెల్లుపుల్ల చేతిలో, భుజం మీద చిలుక.

"ఏం దోచావు?" అన్నాడు సిద్ధుడు, కుశలం అడిగినంత మామూలుగా.

రేచన్న మూట విప్పాడు. మూడేళ్ల రాళ్ల కూలి, ముప్ఫై ఆరు రూకలు.

సిద్ధుడు ఒక రూక నాలిక్కి తాకించి ఉమ్మేశాడు. "దీనికి చెమట రుచి ఉంది, దొంగ రుచి లేదు. పైగా నీకు దీని మీద మమకారం గోరంత కూడా లేదు. మమకారం లేనిదాని జ్ఞాపకం నా పుల్లకు అంటదు. ఇంకేముంది?"

"ఇంకేం లేదు స్వామీ."

"అబద్ధమాడకు. నీ మొలలో ఏదో ఉంది. నువ్వు లోపలికొచ్చినప్పట్నుంచి చెయ్యి అక్కడే ఉంచావు. అది ఇస్తే దాస్తాను, లేకపోతే దారి చూసుకో."

రేచన్న లెక్క ఇక్కడ తప్పింది. జ్ఞాపకం లాగడానికి సిద్ధుడు దొంగను పేరు పెట్టి మూడుమార్లు పిలుస్తాడని బొల్లడి గొణుగుడులోనే విన్నాడు; రూకలిచ్చి పిలిపించుకుందామని వచ్చాడు. జ్ఞాపకం పోయినా ముప్ఫై ఆరు రూకల జ్ఞాపకమే కదా అనుకున్నాడు. అందె ఇస్తే దానితో పాటు ఏం పోతుందో అతడికి తెలుసు. కాని అలల సొమ్ము లేక మూడేళ్లుగా రేవులో పొయ్యి వెలగని ఇళ్లెన్నో కూడా తెలుసు. చిలుక రెక్కలు సవరించుకుంది, సంగణ్ణి పిలవడానికి వెళ్లే వేళయిందని. అతడు అందె తీసి పులితోలు మీద పెట్టాడు.

సిద్ధుడి కళ్లు మెరిశాయి. "ఓహో, ఇది సరుకంటే! పేరు చెప్పు."

"రేచన్న."

సిద్ధుడు ఒక చేత్తో ఖాళీ పిడత పట్టుకుని, రెల్లుపుల్ల అతడి ఎడమచెవికి ఆనించాడు.

"రేచన్నా!"

గుహంతా ఆ పేరు మోగింది. పిలిచినవాడు పరమ దుర్మార్గుడని తెలుసు, పిలిచింది దోచుకోవడానికని తెలుసు. అయినా రేచన్నకు ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా "ఆఁ" అని పలికాడు.

"రేచన్నా!"

కిటికీ పోయింది. కొంగు రంగు పోయింది. ఆమె గొంతు ఎలా ఉండేదో వెతికాడు, దొరకలేదు. ముఖం ఒక్కటే మిగిలింది, అదీ నీళ్లలో కదులుతున్నట్టు. చెవి తమ్మె మీద సూది గుచ్చినట్టయింది.

సిద్ధుడు ఆగాడు. "నీ కట్టులోంచి పొగ వస్తోందేమిటి?"

"జ్వరం స్వామీ. తొందరగా కానివ్వండి."

వద్దంటే ఆ ముఖం మిగిలేది. అతడు వద్దనలేదు.

"రేచన్నా!"

పసుపుకట్టు భగ్గున మండిపోయింది. కంకణం గాలిలోకి ఎగిరి, మూడుసార్లు గిరగిర తిరిగి, సిద్ధుడి ముంజేతికి పడింది. పడుతూనే బిగిసింది. సిద్ధుడు కెవ్వుమన్నాడు. నాలుక మీదికి తెచ్చుకున్న మంత్రాలన్నీ ఉత్త గాలి అయ్యాయి, చిలుక పచ్చటి ఆకై రాలిపోయింది, స్తంభాల పగడం మామూలు ఎర్రమట్టిగా మారింది. వాడి చేతిలోని పిడత జారి, దొర్లుకుంటూ వెళ్లి, వేల పిడతల్లో కలిసిపోయింది.

"తియ్యి! తియ్యి! ఎముక విరుగుతోంది!"

"తీసేది నేను కాదు. అలల సొమ్ము ఏడువేల వరహాలు ముత్యాలరేవు కొట్టులో పడ్డాక అదే ఊడుతుంది. ఎక్కడుంది?"

"మూడో గదిలో, ఎడమ పక్క తోలుసంచీలో! బాబోయ్, నడుస్తున్నానుగా!"

ఇన్నాళ్లూ ఎవరి చేతికీ బిగియని ఇనుము వాడి చేతికి అంత బలంగా బిగిసింది. ఒకడి పాపం కాదు, వంద దొంగతనాల సొమ్ము అక్కడుంది మరి. సిద్ధుడు తనంతట తానే తోలుసంచీ వీపునేసుకున్నాడు. ఒక్క అడుగు రేవు వైపు వేస్తే ఇనుము వెంట్రుకవాసి సడలేది. వెనక్కి తిరిగితే మళ్లీ నొక్కేది.

రేచన్న పులితోలు మీది వెండి అందె చేతిలోకి తీసుకున్నాడు. ఆడవాళ్ల అందె. దీన్ని తనెందుకు తీసుకుంటున్నాడో తెలియలేదు. వదిలేద్దామంటే వేళ్లు విడలేదు. "సిద్ధుడా, నేనేం పోగొట్టుకున్నాను?" అని అడిగాడు.

సిద్ధుడు అంత బాధలోనూ పళ్లికిలించాడు. "అది నీకు తెలిస్తే పోగొట్టుకున్నట్టు ఎలా అవుతుంది? నీ పిడత వీటిల్లోనే ఉంది. గుర్తుపట్టే మంత్రం నాకొక్కడికే వచ్చు. ఈ ఇనుము నా చేతికున్నంతసేపూ అది పలకదు. తప్పు పిడత మూత తీశావో, పరాయివాడి జ్ఞాపకం నీ తలకెక్కుతుంది. కావాలంటే కూర్చుని వెతుక్కో. ఏడాది పడుతుంది."

రేచన్న ఆ అరల వంక చూశాడు. ఎక్కడో అక్కడ తన జీవితంలోంచి ఒక మనిషి ఉంది, ఎవరో తెలియదు. రేవులో మాత్రం ఎవరున్నారో తెలుసు. తిరిగిరాని పడవల తాలూకు ఇళ్లు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. "పద," అని సిద్ధుణ్ణి ముందుకు తోసి గుహ బయటికొచ్చాడు.

ఎండ చల్లబడింది. కొండ దిగుతున్నంతసేపూ పెదవుల మధ్య తన పేరు తానే అనుకున్నాడు, రేచన్న, రేచన్న అని. పేరు తిరిగొచ్చింది. ఊరికి వెళితే పడవవాళ్లు అన్నా అంటారు, బావా అంటారు. మరి పొద్దుపోయాక ఏ ఇంటి గడప తొక్కాలి? తనకొక ఇల్లుందని గుర్తుంది, ఆ ఇంట్లో ఎవరున్నారో గుర్తులేదు. మూడేళ్ల దేశద్రిమ్మరి బతుకులో కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు అతడికి.

వంతెన నడిమికి వచ్చేసరికి కరాళి లేచింది. సిద్ధుణ్ణి వాసన చూసి ముఖం చిట్లించి, ఒంటి చేత్తో ఊరి వైపు ఒడ్డుకు విసిరేసింది. సంచీతో సహా వాడు గడ్డిలో పడి మూలుగుతూనే రేవు వైపు డేకడం మొదలుపెట్టాడు. తర్వాత ఆమె ముక్కు రేచన్న వైపు తిరిగింది. ఆగింది. రక్కసి నోట్లో నీళ్లూరడం అతడు కళ్లారా చూశాడు.

"ఓరి మనిషీ, ఏం చేసుకొచ్చావురా?"

"కంకణం పోయిందవ్వా. నా పేరు రేచన్న. ఇప్పుడు నువ్వు నాయనా అన్నా ఫరవాలేదు."

"అననురా. అన్నానంటే నిన్ను తినలేను." కరాళి గోళ్లు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. "ఎంత కమ్మగా ఉన్నావు! నీ ఊళ్లో ఏదో గంట మోగినట్టుంది. అది విన్నకాడినుంచి ఎవరో నిన్ను పిలుస్తానే ఉన్నారు. మూడేళ్లది ఒక్కసారే పిలుస్తున్నారు."

రేచన్న వంతెన తాడు గట్టిగా పట్టుకున్నాడు. "ఎవరవ్వా? ఎవరు పిలుస్తున్నారు?"

"ఆడమనిషి. గడపలో నిలబడి గొంతు పోయేలా పిలుస్తంది."

"పేరు పెట్టి పిలుస్తోందా?"

"పేరు లేదు. ఉత్త 'ఏమయ్యో, ఏమయ్యో' అంటంది." కరాళి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది. "పరిగెత్తరా మనిషీ, నా చెయ్యి నా మాట వినట్లేదు!"

తాటిమానంత చెయ్యి పైకి లేచింది. రేచన్నకు ఆ గొంతు ఎవరిదో తెలియలేదు, ఆ ముఖం కళ్లముందుకు రాలేదు. కాని ఎవరో ఒకరు పిలుస్తున్నారు. అతడు అందె మొలలో దోపుకుని, ఎడమచేత్తో కత్తి దూసి, ఊగుతున్న వంతెన మీద లోయంతా వినబడేలా "ఆఁ! వస్తున్నా!" అని కేకేసి పరుగందుకున్నాడు. వెనక కరాళి చెయ్యి పడి మొదటి తీగ తెగింది.